ఉత్త రోలు

కువైట్, 12-3-66

అమ్మకు దండాలు. మేము బాగున్నాము, ఫికర్ పెట్టుకోకు. మాది మూడో అంతస్తు. నీ అల్లుడు డ్యూటీకి పోతే సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. మొన్న నువ్విచ్చిన ఇనుప రోట్లో కారం దంచుతుంటే, కింది ఇంటి అరబ్బామె చప్పుడుకు కోపమొచ్చి తలుపు కొట్టింది. ఆమె మాట నాకు తెలియదు. "జర కూసో అక్కా" అని చాయ్ పోశాను. తాగి, నవ్వి వెళ్లింది. మళ్లీ వస్తుందేమోనని అప్పటి నుంచి రోజూ దంచుతున్నాను. "ఇద్దరికి గింత కారమెందుకే?" అంటున్నాడు నీ అల్లుడు.

మేక ఈనిందా? బాపుకు దగ్గు తగ్గిందా? తమ్ముడికి నా దీవెనలు.

మోత్కూరు అంగట్లో ఎండుమిరపకాయలు కొని, పట్నం నుంచి వచ్చేవాళ్లతో పంపు. ఇక్కడివి అయిపోయాయి. ఇవాళ ఉత్త రోలే దంచాను.