చెక్కకు ఆనించిన చెంప

నాచారం, 14-9-2005

నాయినా, నేను మంచిగున్న, ఫికర్ చెయ్యకు. బుచ్చిరాములు మామ పని పోయి ఊరికొచ్చిండు గదా, తప్పు ఆయనది కాదు, నాది.

మా కంపెనీ గెస్ట్‌హౌస్ వెనుక చెక్కల అరుగుకు మామతోని స్టెయిన్ రంగు వేయించిన. ముందురోజు వాన పడ్డది. మామ చెక్కకు చెంప ఆనించి, "లోపల తడి ఉన్నది బిడ్డా, రెండు దినాలు ఆగుదాం" అన్నడు. "నాలుగు గంటలల్ల ఆరుతదని డబ్బా మీద రాసిన్రు మామా, నీ చెంపకు ఇంగ్లీషొస్తదా?" అని నవ్వి, ఆ దినమే వేయించిన. తెల్లారి కూడా రంగు జిగటగనే ఉండి, వచ్చిన పెద్దమనుషుల కాళ్లకు అంటుకున్నది. మా సారు మామను తిడుతుంటే నేను పక్కనే నిలబడి నోరు మెదపలే. మామ కూడా నా పేరు చెప్పలే.

నిన్న సారుకు ఉన్నదున్నట్టు చెప్పిన. అంతా గీకి మళ్ల వెయ్యాలె, మామనే పిలువుమన్నడు. నువ్వు వాళ్లింటికి పోయి ఈ కార్డు సదివి వినిపించు. అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? మామ వస్తే చింతకాయ తొక్కు పంపున్రి. ఆయన కుంచె కడిగి దాచిన. పొద్దుగాల నేను కూడా చెక్కకు చెంప ఆనించి చూసిన, నాకేం తెలుస్తలేదు. ఎండిందో లేదో ఆయనే వచ్చి చెప్పాలె.

అమ్మకు, నీకు దండాలు.
నీ బిడ్డ హిమజ