మంచులో పడినవాడు మన సెవెరినే

అత్తయ్యా, ముందుగా ఈ మాట వినండి: మీ అబ్బాయి సెవెరిన్ క్షేమంగా ఉన్నాడు. ఊళ్లో ఎవరేం చెప్పినా కంగారు పడకండి.

నిన్న మీ అబ్బాయి తాను ముందు నడుస్తూ, ఇద్దరు యాత్రికులను నడుములకు తాడు కట్టి ఆలెచ్ మంచునది దాటిస్తుంటే, నేను ఎగ్గిస్‌హార్న్ కొండకొమ్ము మీద నిలబడి చూస్తున్నాను. ముగ్గురూ చీమల్లా కనబడ్డారు. చూస్తుండగానే ముందున్న చీమ మాయమైంది! మంచు కింద పెద్ద బీట ఉందట. సత్రం టియోడుల్ తాత దుర్భిణిలో చూసి, "తాడు బిగిసే ఉందమ్మా, లాగుతున్నారు, కూర్చో" అన్నాడు. నిజంగానే పైకి లాగారు. సాయంత్రం మీ అబ్బాయి కుంటుకుంటూ వచ్చి, "అమ్మకు రాశావంటే ఊరుకోను" అన్నాడు.

ఆదివారం మళ్లీ అదే దారిన వెళతాడట. నా మాట వినడు. మామయ్యను వెంటనే పైకి పంపండి. వచ్చేటప్పుడు ఉన్ని మేజోళ్లు తేవాలి. చుక్కల ఆవు ఈనిందా? పాప దగ్గు తగ్గిందా?

పాపకు ముద్దులు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. మీ అబ్బాయి ఇప్పుడు ఎదుటే కూర్చుని అందరినీ నవ్విస్తున్నాడు. కానీ చెంచాలో సూపు నోటిదాకా వెళ్లడం లేదు.

మీ కోడలు ఫిలొమీనా