అప్పన్న ఫోటో

మంగళవారం, రాత్రి

మనవరాలు గౌరి అన్నం ముట్టలేదు. స్టూడియోలో ఫోటోలు దాచే కంప్యూటర్ నిండిపోతే, మొన్న ఎవరో వాడేసిన డిస్కు ఒకటి కొని, లినక్స్‌లో పాతదానితో కలిపి రెండింటినీ ఒకే పెద్ద అరలా చేసింది. పెళ్లి ఆల్బం తొందరలో ముందుగా కాపీ తీసుకోలేదు. ఇవాళ ఆ కొన్న డిస్కు టకటకమని ఆగిపోయింది. ఇప్పుడు పాతదాంట్లోవీ తెరుచుకోవడం లేదు.

"తెప్పలో ఓ దుంగ కుళ్లితే తాడిప్పి తీసేత్తాం. మిగతాయి తేల్తాయి కదేటే, కంప్యూటర్ దొరసానీ?" అన్నాను.

"ఇది తెప్ప కాదు తాతా. ఒకటి పోతే మొత్తం ములిగిపోద్ది." నవ్వలేదు.

సాయంత్రం నీలమ్మ వచ్చింది. సముద్రంలో వేటకెళ్లి తిరిగిరాని కొడుకు అప్పన్న ఫోటోకి పెద్దకర్మనాడు దండ వేయాలట. వాడు దిగిన ఫోటో అదొక్కటే, గౌరి తీసిందే, ఆ కంప్యూటర్‌లోనే ఉంది. గౌరి లోపలి గదిలోంచి రాలేదు.

"రేపు రామ్మా" అన్నాను.

నీలమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఏటి మావా, నాను వత్తే ఏదోటి అని ఏడిపించకుండా ఒగ్గవు. ఇయ్యేల ఏటీ అన్లేదేటి?"

ఒంట్లో బాలేదన్నాను.

మిరియాల చారు కాసి పంపిస్తానంది.