అవసరం లేదన్న మాట

అన్నా,

నువ్వు చనిపోయిన ఏడాదికి వేలూరు–గుడియాత్తం సైకిల్ పందెం మళ్ళీ పెట్టారు, దారంతా ఫారిన్ కూల్‌డ్రింకు బ్యానర్లు కట్టి. గెలిచినవాణ్ణి వదిలేసి టీకొట్టు దగ్గర అందరూ నీ మీద పడ్డారు.

"ఆఖర్న వాని కాళ్ళలో సత్తువ యాడుండింది? అందుకే కంపెనీ జట్టులో చేరలా," అన్నాడొకడు.

"సత్తువకేమి, ఉండింది. పొగరప్పా. పిలిచినోళ్ళను అవసరం లేదనేసినాడు," అన్నాడు ఇంకొకడు.

గ్లాసు బల్లకేసి కొట్టాను.

నెల్లూరు నుంచి వచ్చిన కంపెనీ మేనేజరు "మా జట్టులో ఎప్పుడు చేరతావు?" అంటే నువ్వన్నది ఆ మాటే. అరవం కలిసిన మన తెలుగులో అవసరమంటే తొందర. మగ్గం మీది లుంగీలు దించేసి వస్తానని నీ ఉద్దేశం. ఆయన తెలుగులో అక్కర్లేదని అర్థం. మొహం ముడుచుకుని వెళ్ళిపోయాడు. నువ్వేమో మూడు నెలలు ఆయన ఉత్తరం కోసం చూశావు.

"మీ ఇండ్లల్లో అవసరమంటే ఏమిరా అర్థం?" అని అరిచాను.

వాళ్ళ మీద కంటే నా మీదే నాకు కోపం. నెల్లూరులో చదువుకున్నవాణ్ణి, ఆ రోజు నీ పక్కనే ఉన్నవాణ్ణి. ఆయనకెట్లా వినబడిందో నాకప్పుడే తెలుసు. ఎప్పుడైనా చెప్పొచ్చులే, ఇప్పుడేం అవసరం లేదనుకున్నాను.