శబ్దమును బయటికి పంపుటకు అనుమతి కోరుచు

శబ్దాల ఫిర్యాదుల విభాగము అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా పాటల గదిలోని శబ్దమును గది వెలుపలికి పంపుటకు అత్యవసర అనుమతి ఇప్పించుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా, నేను అపార్టుమెంటు పై అంతస్తులో నివాసముండు రిటైరైన హెడ్ గుమాస్తాను. ప్రస్తుతము నా ఇంట్లోనే, నా పాటల గదిలో, తలుపు తెరుచుకోక చిక్కుకుపోయి ఉన్నాను. ఈ అర్జీ ఆ గదిలో నుండే వ్రాయుచున్నాను.

1. నాకు పాటలు గట్టిగా వినే అలవాటు కలదు. సర్వీసంతా ఆఫీసర్ల ముందు మెల్లగా మాట్లాడి, ఫైళ్ల మధ్య మెల్లగా దగ్గి బతికినవాడిని. ఇంటికి వచ్చాక డ్రమ్ము దెబ్బ గుండెకు తగిలితే తప్ప నేనూ ఒక మనిషినేనన్న నమ్మకం కలిగేది కాదు. ఇందులో ఎవరికీ హాని చేయు ఉద్దేశము లేదు.

2. సదరు అలవాటు వలన కింది ఇంటి టీచరమ్మ గారికి అసౌకర్యము కలిగిన మాట వాస్తవము. ఆమె మొదట చీపురు కర్రతో తన ఇంటి పైకప్పును పొడిచేవారు. పిమ్మట తమ ఆఫీసుకు వచ్చారు. తమరు మా ఇద్దరినీ పిలిపించి, నా ఇంటి శబ్దము నా గడప దాటదని నా చేత హామీపత్రము వ్రాయించుకొన్నారు. "ఇంకొక్క కంప్లైంటు వచ్చిందంటే స్పీకరు పెట్టెలన్నీ ఎత్తుకుపోతాం" అన్నారు. ఆ మాట ఫైలులోంచి తల ఎత్తకుండానే అన్నారు. అందువలన మరీ భయం వేసింది.

3. హామీ ప్రకారము చిన్న పడకగదిని పాటల గదిగా మార్పించడమైనది. గోడలకు స్పాంజి, నేలకు రబ్బరు, దాని మీద మందపాటి తివాచీ వేయించి, కిటికీకి చెక్కలు బిగించడమైనది. వడ్రంగి మేస్త్రి తలుపు చుట్టూ రబ్బరు పట్టీ వేసి, సీసాకు బిరడా బిగించినట్లు బిగించాడు. పరీక్ష కోసం నేను లోపల పాట పెట్టుకొని, నా భార్యను కింద టీచరమ్మ గారి ఇంట్లో కూర్చోమన్నాను. పాట అయిపోయాక టీచరమ్మ గారు పైకి వచ్చి, "ఇంకా మొదలుపెట్టలేదా అన్నయ్యగారూ?" అని అడిగారు. ఆ రోజు నా సంతోషం చెప్పనలవి కాదు. అప్పటి నుండి రెండిళ్లకూ రాకపోకలు పెరిగాయి. మా గుమ్మం బయట పచ్చ బల్బు పెట్టించుకోమని సలహా ఇచ్చిందీ ఆమే. గదిలో దీపం వేస్తే బయట బల్బు వెలుగుతుంది. అది వెలుగుతుండగా ఎవరూ బెల్లు కొట్టకూడదని ఆమే అందరికీ చెప్పారు. ఆ బల్బు ఇప్పుడు వెలుగుతున్నది.

4. నేడు భోజనమయ్యాక గదిలోకి వచ్చి తలుపు నెట్టుకొన్నాను. పాటలు విని బయటికి పోదామని పిడి పట్టుకొని లాగగా, పిడి ఊడి చేతికి వచ్చినది. ఈ తలుపు లోపలికి తెరుచుకొనేది. బయటి నుండి భుజంతో తోస్తే వస్తుంది. లోపలి నుండి లాగడానికి గోరు దూరే సందు లేదు. సందన్నది ఉండకూడదని మేస్త్రి ప్రాణం తోడి చేయించింది నేనే. ఫోన్ మోగితే పాట చెడుతుందని దాన్ని చెప్పుల స్టాండు మీద పెట్టి వచ్చాను. నా భార్య తన అక్కగారి ఇంటికి వెళ్లినది. ఎప్పుడు వస్తావని నేను అడగలేదు, ఈలోగా తీరిగ్గా వినవచ్చు అనుకొన్నాను.

5. అరిచాను. తలుపు బాదాను. నా అరుపును స్పాంజి మింగేసింది, నాకే సరిగా వినబడలేదు. అయ్యా, అప్పుడు పట్టుకున్నది భయం. బయట బల్బు ఆరితే ఎవరైనా గమనిస్తారేమోనని దీపం ఆర్పాను. ఆ చీకట్లో నా ఊపిరి వేరెవరిదో పక్కన నిలబడి పీలుస్తున్నట్లు వినిపించింది. వెంటనే వెలిగించాను. మళ్లీ ఆర్పడం నా వల్ల కాదు.

6. ఏసీ గొట్టం కోసమని మేస్త్రి తొలిచిన రంధ్రము ఒకటి గోడకు కలదు. ఏసీ వద్దని నా భార్య అనడంతో అందులో గుడ్డలు కుక్కి ఉంచాము. ఆ గుడ్డలు పీకగా గాలి వస్తున్నది. ఊపిరికి లోటు లేదని నాకు నేనే చెప్పుకొంటున్నాను. అందులో నోరు పెట్టి అరిచాను గాని, రోడ్డు మీది బస్సుల రొదలో నా గొంతు ఏ మూలకు? ఇప్పుడది కూడా పోయింది. సదరు రంధ్రము సరిగ్గా టీచరమ్మ గారి బట్టలారేసే తీగకు పైన ఉన్నది. మా ఇంటి రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉన్నది.

7. కావున స్పీకరును రంధ్రమునకు ఆనించి శబ్దము పెంచినచో ఆమెకు వినబడును. కాని అది హామీని మీరుట అగును. ఆమె ఫిర్యాదు చేస్తే పెట్టెలు పోతాయి. అవి పోతే ఈ ఇంట్లో కూడా నాకు మిగిలేది మెల్లగా దగ్గడమే. అందుచేత ముందుగా తమ అనుమతి కోరడమైనది.

తమరు దయతలచి అనుమతి మంజూరు చేసి, ఆ పత్రము తెచ్చిన మనిషి చేతనే తలుపు కూడా తోయించవలసినదిగా ప్రార్థన. ఇక్కడితో ఆపుచున్నాను, చిత్తగించవలెను.

గది లోపలి నుండి,
తమ విధేయుడు,
పై అంతస్తు హామీదారు

తా.క.: అర్జీ ఒకసారి చదువుకొన్నాను. అంతా పద్ధతిగా ఉన్నది. అది చూసి భయం రెట్టింపైంది, ఇంత పద్ధతిగా ఉన్న కాగితం ఏ ఆఫీసులోనూ ఒక్క రోజులో కదలదు. మన్నించండి, అనుమతి లేకుండానే స్పీకరు ఆనించి నిండా పెంచేశాను.

కాళ్ల కింద ఏదో అదిరింది. పాట ఆపి, తివాచీ లేపి, రబ్బరు చింపి నేలకు చెవి ఆనించాను. చీపురు కర్ర. ఆ చప్పుడుకు నాకు ఏడుపు వచ్చింది. కాని పాట ఆగింది గనుక ఆమె కూడా ఆపేశారు. భయమేసి మళ్లీ పెట్టాను. ఆమె మళ్లీ పొడుస్తున్నారు, పైకి మాత్రం రావడం లేదు. ఎలా వస్తారు, పచ్చ బల్బు వెలుగుతున్నది కదా. తన నియమం తానే తప్పే మనిషి కారు. ఇక నేరుగా తమ దగ్గరికే వస్తారు.

అయ్యా, ఆమె ఫిర్యాదును నా అర్జీ కంటే ముందుగా తీసుకోండి. అందులో ప్రతి అక్షరమూ నిజం. అన్న మాట ప్రకారం వచ్చి పెట్టెలన్నీ ఎత్తుకుపోండి. అవి నా పక్కనే ఉన్నాయి, తలుపు తోసుకొని రావలసి ఉంటుంది.

ఈ కాగితం చుట్టి, పైన తమ పేరు వ్రాసి, రంధ్రంలో నుండి ఆమె బట్టల మీదికి వదులుతున్నాను. తమ పేరు చూసి విప్పకుండా తెచ్చి ఇస్తారు. విప్పి చదివితే అంతకంటే కావలసిందేమున్నది. ఆ తరువాత స్పీకరు మళ్లీ రంధ్రానికి ఆనించి, దీపం ఆర్పేస్తాను. బల్బు ఆరితేనే ఆమె మెట్లెక్కి వస్తారు. చీకటంటే చచ్చేంత భయంగా ఉంది. పాట మాత్రం ఆపను.