కన్నీళ్ళంత ఉప్పు

రంజాన్ తొమ్మిది, చాంద్‌పూర్

నా తల్లి కోహినూర్‌కి అమ్మ దువాలు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి నీ బిడ్డ ఝినుక్ నీ ఒళ్ళో ఉంటుంది. మీ తమ్ముడు మొఖ్లెస్ పొద్దుటి లాంచీకి తీసుకొస్తున్నాడు. కంగారు పడకు.

నాలుగు రోజులుగా బిడ్డకి విరేచనాలు. రెండో రోజు నుంచి రక్తం, జిగురు. ఒళ్ళు పెనంలా కాలింది. ఏం పెట్టినా తినలేదు. మొదటి రోజు నుంచీ బెల్లం నీళ్ళు పడుతూనే ఉన్నాను, గ్లాసులకి గ్లాసులు తాగింది. ఇవాళ తెల్లారకముందే సెహ్రీ తినడం అయ్యాక చూస్తే కళ్ళు పైకి తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది.

పక్కింటి హాసు వాళ్ళమ్మ వచ్చి, "ఇది పొట్ట జబ్బు కాదు వదినా, గాలి సోకింది" అంది.

"గాలైతే రక్తం ఎందుకు పడుతుందే?" అన్నాను.

"పొట్ట జబ్బైతే కళ్ళెందుకు తేలేస్తుంది?" అంది.

రెండున్నరేళ్ళ పిల్ల. పేగుల్లో పుట్టింది తలకెలా ఎక్కుతుందమ్మా? పక్షవాతంతో మంచం మీదున్న మీ నాన్నని వదిలి నేను రాలేను. నమాజు తరవాత నమాజు, అదొక్కటే చేయగలను.

అల్లా కాపాడాలి.
అమ్మ మెహెరున్నెసా


రంజాన్ పన్నెండు, ఢాకా

అమ్మకి సలాం.

పెద్దాసుపత్రిలో చేర్చాం. లాంచీలోనే మళ్ళీ ఫిట్స్ వచ్చాయట. ఇప్పుడు కొట్టుకోవడం లేదు, ఏమీ లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకదు. సూది గుచ్చినా ఏడవదు. నా బిడ్డ ఏడిస్తే బాగుండునని కోరుకునే రోజు వస్తుందనుకోలేదు.

బట్టల ఫ్యాక్టరీలో సెలవు అడిగాను. సూపర్‌వైజరు, "మీ ఆడవాళ్ళందరి పిల్లలకీ రంజాన్‌లోనే రోగాలొస్తాయేం?" అన్నాడు. మెషీను ఆపి వచ్చేశాను.

ఇక్కడందరూ డాక్టరు ఆపా అని పిలిచే ఆవిడ ఒక కాగితం పెట్టుకుని అన్నీ అడిగింది. వయసెంత, బరువెంత, జ్వరం ఎన్నాళ్ళు, ఎప్పుడు తిండి మానింది, తల్లిపాలు ఎప్పుడు మాన్పించారు. పాల మాట దగ్గర ఉన్నదే చెప్పాను. ఏడాది నిండకుండానే నీకప్పగించి వచ్చాను కదా. ఇవన్నీ ఎందుకని అడిగితే, ఇలాంటి విరేచనాలు ఏ పిల్లలకి తలదాకా వెళ్తాయో తెలుసుకోవడానికట. ఆ కాగితంలో ప్రతి గడీ నా మీద ఫిర్యాదులా ఉంది.

ఇంకో మాట. బిడ్డ రక్తంలో ఉప్పు బాగా తగ్గిపోయిందట. "నీళ్ళలో ఉప్పు ఎంత వేశారు?" అంది. "మా అమ్మ మా వాడకంతా నేర్పింది. అర సేరు నీళ్ళకి గుప్పెడు బెల్లం, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు" అన్నాను గర్వంగా. ఆవిడ నన్ను చూసి రాసుకుంది. నాకేమీ అర్థం కావడం లేదు. నువ్వు ఎంత వేశావో ఒక్క ముక్క రాయి.

నీ కోహినూర్


రంజాన్ పదిహేను, చాంద్‌పూర్

కోహినూర్, నా కళ్ళ వెలుగుకి దువాలు.

నీ ఉత్తరం మొఖ్లెస్ తెచ్చి చదివి వినిపించాడు, తరవాత నేను మళ్ళీ చదువుకున్నాను. మీ నాన్న మనవరాలి చెప్పులు మంచం పక్కనే పెట్టమన్నాడు. పెట్టాను. తెల్ల కోడి గుడ్లు పెడుతోంది, దాచుతున్నాను. హాసు వాళ్ళమ్మ పీర్ బాబా దగ్గర మంత్రించిన దారం తెస్తానంటోంది. వద్దన్నాను, మళ్ళీ తెమ్మన్నాను. ఏది సరో నాకే తెలియడం లేదు.

ఇమామ్‌గారిని ఒక సంగతి అడుగుదామని బయలుదేరాను. మసీదు గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను.

బిడ్డ కళ్ళు తెరిస్తే వెంటనే రాయి.

అమ్మ


రంజాన్ ఇరవై, ఢాకా

అమ్మా, సలాం.

కళ్ళు తెరిచింది! తెరిచాక కూడా మూడు రోజులు ఎవర్నీ గుర్తుపట్టలేదు. నన్ను చూసి గోడని చూసినట్టు చూసేది. నిన్న నర్సు సెలైను నీళ్ళు చెంచాతో పడితే మొహం చిట్లించి ఉమ్మేసింది. "ఛీ, ఉప్పు. నానీ నీళ్ళు తీపి" అంది, అమ్మమ్మ నిన్ను తలుచుకుని.

పది రోజుల తరవాత నా బిడ్డ నోట వచ్చిన మొదటి మాట. ఏడుస్తూ నవ్వాను, నర్సు కూడా నవ్వింది. ఆ తరవాత నవ్వు ఆగిపోయింది.

అమ్మా, ఉప్పు వేయలేదా?

డాక్టరు ఆపాని అడిగాను. "ఒక్క కారణమని ఎవరూ చెప్పలేరమ్మా. ఆ క్రిమి విషం, చిన్న వయసు, జ్వరం, తిండి లేక చక్కెర పడిపోవడం, ఉప్పు తగ్గడం, ఆలస్యంగా రావడం, అన్నీ కలిసి తలకి దెబ్బ కొడతాయి" అంది. అందులో నీదెంతో నాదెంతో నాకు తెలియదు. కోపంగా లేను. ఉన్నానేమో, అదీ తెలియదు. నిజం మాత్రం నువ్వే చెప్పు.

ఎడమ కాలు ఈడుస్తోంది. నయమవుతుందో లేదో చూడాలన్నారు.

కోహినూర్


రంజాన్ ఇరవై ఆరు, చాంద్‌పూర్

కోహినూర్ తల్లీ,

వేయలేదు.

ఈ నీళ్ళు కలపడం నాకు నేర్పడానికి వచ్చినావిడ ఆనాడే చెప్పింది: కలిపాక రుచి చూడాలి, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోయాలి, ఎక్కువైతే బిడ్డకి ప్రమాదం అని. నేను ఉపవాసంలో ఉన్నాను. పగలు నాలుక మీద ఎలా వేసుకోను? రుచి చూడకుండా వేస్తే ఎక్కువవుతుందేమోనని భయం. అసలు వేయకపోతే ఏం పోతుంది, బెల్లం ఉందిగా అనుకున్నాను. ఇఫ్తారయ్యాక రుచి చూసి ఉప్పేసి ఇస్తే ఉమ్మేసేది, తీపివే కావాలని ఏడ్చేది. తాగితే చాలని అవే ఇచ్చాను. మీ నాన్నకి ఉపవాసం లేదు, ఆయన నాలుకకి పక్షవాతం రాలేదు. ఆయన్ని రుచి చూడమని అడగాలని కూడా తట్టలేదు నాకు.

నీ ఉత్తరం అందాక ఇమామ్‌గారి గుమ్మం దాటాను. అంతా విని, "నాలుక కొనకి తాకించి ఉమ్మేస్తే ఉపవాసం పోదు చాచీ. బిడ్డ కోసమైతే అసలే పోదు. ఒక్క మాట అడక్కపోయావా?" అన్నాడు. మందలించినా బాగుండేది. మంచినీళ్ళు తాగమనే వేళ కాదని, కూర్చోమని చాప వేశాడు.

ఇవాళ మధ్యాహ్నం హాసుకి విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. నేను కలపనన్నాను. చేతులు పట్టుకుంది. అరుగు మీద వాడ ఆడవాళ్ళందరి ముందూ కలిపాను, ఉప్పు వేశాను, వేలితో తీసి నాలుకకి తాకించాను.

"వదినా, ఉపవాసం లేవా!" అని అరిచింది.

"ఉన్నానే" అని ఉమ్మేశాను. "మీరూ ఇలాగే చూడండి. ఇమామ్‌గారినే అడిగాను."

"సరిపోయిందా?" అంది.

సరిపోయింది. ఆ రుచి ఇప్పుడు నాకు బాగా తెలుసు.

పండక్కి ఝినుక్‌ని నువ్వే తీసుకురా. కాలు ఈడ్చినా సరే, నడిపించుకునే రా. నీకు నమ్మకం కుదిరితే నా దగ్గర ఉంచు, లేకపోతే నేనేమీ అనుకోను. చెప్పులు మంచం పక్కనే ఉన్నాయి.

తప్పు చేసిన
మీ అమ్మ