సుద్దముక్క తగిలిన చోటల్లా

24 జనవరి 1996

రోజు లెక్క రాయడం అయింది. ఎరువుల షాపువాళ్ళు ఇచ్చిన ఈ డైరీ ఖాళీగా పడి ఉంది. ఇవాళ ఇందులో రాయాలనిపించింది. నోటితో చెప్పేది కాదు కాబట్టి.

ఆత్మకూరు వెళ్ళాం, నేనూ నా భార్య రెబెకమ్మా. నెల్లూరు నుంచి మానసిక డాక్టరు ఒకాయన బుధవారం బుధవారం వచ్చి అక్కడ ఒక మెడికల్ షాపు మిద్దె మీద కూర్చుంటాడు. నాకు పిచ్చి లేదు. మాట్లాడటం లేదు, అంతే. నిద్ర కూడా సరిగా లేదు.

అన్న పోయినప్పటి నుంచి ఇలా ఉంది. నవంబరులో అన్న పాల్ నా అద్దె సైకిళ్ళ షాపులో ఏడో నంబరు సైకిలు తీసుకుని వెళ్ళాడు. సైకిలు గండిపాలెం ప్రాజెక్టు కట్ట మీద దొరికింది. పక్కన చెప్పులు ఉన్నాయి. మనిషి రెండు రోజుల తర్వాత దొరికాడు.

డాక్టరు నా వైపు ఒకసారి చూసి రెబెకమ్మని అడిగాడు, ఎట్లా ఉంటాడమ్మా అని. మాట్లాడడు సార్, పిలిస్తే చూస్తాడు, మళ్ళా పని చూసుకుంటాడు, వాళ్ళన్న గూడా చివరి నెలరోజులు ఇట్టనే ఉండి పోయినాడు సార్ అని చెప్పింది. ఏడ్చింది. బయట బెంచీ నిండా జనం. చీటీ పైన శాంతి అని నా పేరు రాసి, కింద మూడు రకాల బిళ్ళలు రాశాడు. జబ్బు పేరేంది సార్ అని రెబెకమ్మే అడిగింది. ముందు వాడండమ్మా, చూద్దాం అన్నాడు.

నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.

26 జనవరి

నిద్ర పట్టింది. మధ్యాహ్నం దాకా పట్టింది. షాపు తెరవలేదు.

7 ఫిబ్రవరి

బిళ్ళలు రెబెకమ్మ బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. పొద్దున, రాత్రి తనే తీసి ఇస్తుంది. మింగాక నోరు తెరువు అంటుంది. తెరుస్తాను. నాలుక కింద కూడా చూస్తుంది. నాకు కోపం రాదు. ఆమె భయం ఏమిటో నాకు తెలుసు.

నోరు ఎండిపోతోంది. మాల్యాద్రి టీ బంకు నా షాపు పక్కనే. ఇంతకుముందు రోజుకు రెండు టీలు, ఇప్పుడు నీళ్ళకే నాలుగుసార్లు పోతున్నాను. ఏందన్నా, టీ మానేసి నా కుండ మీద పడినావు, కుండకు గూడా సైకిలు లెక్కన అద్దె కట్టు అన్నాడు. నవ్వాలని తెలుసు. ముఖం కదల్లేదు.

21 ఫిబ్రవరి

మళ్ళీ ఆత్మకూరు. బస్సులో పోతున్నంతసేపూ నిద్ర.

చేతులు వణుకుతా ఉండాయి సార్ అని రెబెకమ్మ చెప్పింది. ఇంకో బిళ్ళ రాశాడు, చిన్నది, తెల్లది. పగలంతా తూగుతా ఉండాడు అంటే దానికీ ఒకటి మార్చాడు. కింద మెడికల్ షాపు చెంచురామయ్య చీటీ చూసి, ఇది నరాలకమ్మా, బలహీనం అన్నాడు. బస్టాండులో ఎవరో ఇది షాకుకి అన్నారు. మా ఉదయగిరి వచ్చేసరికి నాకు మూడు జబ్బులు ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు.

9 మార్చి

తప్పు చేశాను. ఇది రాయాలి.

రోజూ బంకు దగ్గర కూర్చునే రామనారాయణ తన సైకిలు వెనక చక్రం బెండు తీయమని ఇచ్చాడు. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్ళప్పుడు చూసి చూసి నేర్చుకున్నాను. సైకిలు తలకిందులు పెట్టి చక్రం తిప్పుతాం. సుద్దముక్క రిమ్ముకు తగలీ తగలకుండా పట్టుకుంటాం. బెండు ఉన్న చోట సుద్ద గీత పడుతుంది. ఆ వైపు స్పోకు వదులు చేసి అవతలి వైపు స్పోకు బిగిస్తే రిమ్ము దారికొస్తుంది. అంతే పని.

ఇవాళ గీతలు చుట్టూరా పడ్డాయి. పడ్డ చోటల్లా బిగించాను. మళ్ళీ తిప్పితే కొత్త చోట్ల పడ్డాయి. అక్కడా బిగించాను. మధ్యాహ్నానికి రిమ్ము మెలి తిరిగి ఫోర్కులో ఇరుక్కుంది.

ఏంరా శాంతీ, బెండు తీయమంటే జిలేబీ చుట్టినావే అన్నాడు రామనారాయణ. బంకు దగ్గర అందరూ నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు. కొత్త రిమ్ము నేనే వేశాను.

20 మార్చి

కాళ్ళు ఒక చోట ఉండటం లేదు. నొప్పి కాదు, దురద కాదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలి, నడిస్తే ఆగలేను. రెబెకమ్మ డాక్టరుకు ఇదే చెప్పింది. కుదురుండదు సార్, ఇంట్లో అటూ ఇటూ తిరగతానే ఉంటాడు. ఆయన ఆందోళన ఎక్కువైందన్నాడు. మొదట ఇచ్చిన బిళ్ళే డోసు పెంచాడు. పైన ఇంకొకటి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

5 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఒక్కో మాట గురించి ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు. పోయిన సంవత్సరం అయిదో మాట పాల్ చెప్పాడు. దప్పిగొనుచున్నాను. చెప్తూ మధ్యలో ఆగి, నా తమ్ముడైతే దప్పికైనా నీళ్ళడగడు, వాడికి ఆ చెంబు తీసియ్యండయ్యా అంటే అందరూ నవ్వారు, అంత పెద్ద రోజున కూడా.

రెండో మాటకే నేను లేచాను. బయట చర్చి చుట్టూ నడిచాను. లోపలికి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. నాలుగో మాట అప్పుడు సంఘపెద్ద బయటికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆయన చెయ్యి కింద కూడా నా కాళ్ళు ఆగలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి దయ్యం అన్న మాట వినబడింది. రెబెకమ్మ తల దించుకుంది. అది చూడలేకపోయాను.

సాయంత్రం మాల్యాద్రి, ఏందన్నా, గుడి చుట్టూ తిరిగేది మావోళ్ళు గదా, మీరెప్పుడు మొదలుపెట్టినారు అన్నాడు. ఇవాళంతా నన్ను మనిషిలా చూసింది వాడొక్కడే.

8 ఏప్రిల్

పాల్ కలలోకి కూడా రావడం లేదు. బిళ్ళలకు ముందు వచ్చేవాడు.

17 ఏప్రిల్

డాక్టరు చీటీలన్నీ తిప్పి చూశాడు. ఇన్ని వాడినా తగ్గలేదంటే నెల్లూరులో చేర్పించాలమ్మా, నెలో రెండు నెలలో అన్నాడు. మే ఒకటో తారీకు రండి, అప్పటికీ ఇట్లాగే ఉంటే తీసుకుపోదాం.

రెబెకమ్మ ఆలోచించకుండా సరే అంది.

నెల్లూరులో చేరితే షాపు మూతపడుతుంది. అది కాదు. అక్కడ ఎవరికీ నేను ముందు ఎట్లా ఉండేవాణ్ణో తెలియదు. ఇక్కడైతే మాల్యాద్రికైనా తెలుసు.

22 ఏప్రిల్

ఎండ. ఎలక్షన్ జీపులు మైకులతో తిరుగుతున్నాయి. గిరాకీ లేదు.

ఏడో నంబరు సైకిలు పోలీసులు తెచ్చి ఇచ్చినప్పటి నుంచి దూలానికి వేలాడుతోంది. ముందు చక్రం బెండు. ఇవాళ ఎందుకో దించాను. తలకిందులు పెట్టి తిప్పి సుద్ద పట్టాను. చుట్టూరా గీతలు. చేతిని చూశాను. చెయ్యి తన పాటికి తను ఆడుతోంది.

ట్యూబు ముక్క కోసి సుద్దముక్కను ఫోర్కుకే కట్టేశాను. మళ్ళీ తిప్పాను. గీత ఒక్క చోటే పడింది. అరచేతి వెడల్పు కూడా లేదు.

జనవరిలో నా చెయ్యి వణికేది కాదు. కాళ్ళు నిలిచేవి. నోరు ఎండేది కాదు. మొదటి బిళ్ళల తర్వాత వణుకు వచ్చింది. వణుకుకి ఒక బిళ్ళ, తూగుకి ఒకటి, నడకకి ఇంకొకటి. రామనారాయణ చక్రానికి నేను చేసిందీ ఇదే.

మరి బిళ్ళలకు ముందే ఉన్న ఆ ఒక్క చోటు సంగతి ఏమిటి. అది మాత్రం ఉంది. లేదనను.

23 ఏప్రిల్

రెబెకమ్మని షాపుకు పిలిచాను. పిలిచానంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ముందు నా చేత్తో, తర్వాత కట్టిన సుద్దతో తిప్పి చూపించాను. వణికే చెయ్యి చూపించి, బిళ్ళ మింగినట్టు సైగ చేశాను. తను కూడా ఒకసారి తిప్పింది. కొంగుతో రిమ్ము తుడిచి మళ్ళీ తిప్పింది.

తర్వాత అంది. వణుకు మందుదేననుకో, మరి మాట ఎవురు తీసకపోయినారు. బిళ్ళలు రాకముందే గదా నువ్వు మూగోడివైంది. మీయన్న ఆ రోజు గూడా కడుపునిండా అన్నం తిని పోయినాడు. నీ లోపల ఏముండాదో నాకెట్ట తెలిసేది, నోరు తెరిపించి నాలిక కింద వెతుక్కోవాల్నా.

కట్టిన సుద్దను ఫోర్కు నుంచి విప్పాను.

పోయేటప్పుడు వెనక్కి తిరిగి, డాక్టరు దగ్గర ఈసారి నేను నోరు మెదపను, నువ్వే చెప్పు, నువ్వు చెప్పకపోతే ఆయన నెల్లూరు అంటాడు, నేను సరే అంటా అంది.

24 ఏప్రిల్

మాట్లాడలేదు.

25 ఏప్రిల్

మాల్యాద్రితో, ఇవాళ టీ బాగుంది అన్నాను. గ్లాసు కింద పెట్టి ఆకాశం వైపు చూశాడు. వాన పడేటట్టుండాదే అన్నాడు.

28 ఏప్రిల్, ఆదివారం

చర్చికి పోలేదు. రెబెకమ్మ కూడా ఆగిపోయింది. వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. నేను నడుస్తూ చెప్పాను. కూర్చుంటే చెప్పలేను.

చిన్నప్పుడు నాయన కొట్టినా, అయ్యవారు అడిగినా, నా తరఫున అన్నే మాట్లాడేవాడు. వాడికి ఆకలి అంటాడు, వాడికి ఆ పలక కావాలంట అంటాడు. నేను ఊరికే పక్కన నిలబడేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో నీతో మాట్లాడింది కూడా అన్నే కదా అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. మా అన్నదమ్ములిద్దరి మాటలూ వాడి దగ్గరే ఉండేవి. వాడు పోతూ రెండూ తీసుకుపోయాడు. నాకు చావాలని లేదు. వాడిలా వెళ్ళాలని లేదు. వాడు ఎందుకు మాట్లాడటం మానేశాడో నాకు చెప్పలేదు, అదొక్కటే తిరుగుతోంది లోపల.

ఇంత చెప్పడానికి వరండా ఎన్నిసార్లు తిరిగానో. గొంతు నాదిలా లేదు.

రెబెకమ్మ ఒక పిక్క తీసి పక్కన పెట్టి, పెళ్ళిచూపుల్లో ఈ పిలగాడు మూగోడేమో అని మాయమ్మ అనుమానపడింది అంది. పిక్కలన్నీ తీసేదాకా నేను ఆమె పక్కన కూర్చున్నాను. మూడుసార్లు లేచాను. అయినా కూర్చున్నాను.

1 మే

డాక్టరు ఎప్పటిలాగే ఆమెని అడిగాడు. రెబెకమ్మ కిటికీ వైపు చూసింది. పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు. నేను చెప్తాను సార్ అన్నాను.

ఆయన నా గొంతు వినడం ఇదే మొదటిసారి. కుర్చీ ఇటు తిప్పాడు. ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, తారీకులతో చెప్పాను. పాల్ సంగతి చెప్పాను. మధ్యలో రెండుసార్లు లేచి నిలబడ్డాను. కూర్చోమనలేదు.

వణుకు మొదటి నుంచీ ఉందనుకున్నానే అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. బయట అరుస్తున్న జనాన్ని కాసేపు ఆగమన్నాడు. అలసిపోయిన మనిషి. కళ్ళ కింద నల్లగా ఉంది.

నాకేం జబ్బు సార్ అని అడిగాను.

ఇంకా తెలియదయ్యా అన్నాడు. దుఃఖం కావచ్చు. ఇంకొకటి కావచ్చు. ఇప్పుడు రెండు తీసేస్తున్నాను, మిగతావి కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. ఒక్కసారిగా మానొద్దు, అది ఇంకా చేటు. రెండు వారాలకు రా. నువ్వే చెప్పాలి.

నెల్లూరు మాట ఎత్తలేదు. తెలియదు అన్నందుకు ఆయన మీద నాకు మొదటిసారి నమ్మకం కలిగింది.

15 మే

ఇంకొకటి తీసేశాడు. నిద్ర సరిగా లేదు. వణుకు తగ్గింది, పోలేదు. రెబెకమ్మ నోరు తెరవమనలేదు. డబ్బా నా చేతికే ఇచ్చింది. ఇచ్చి, పక్కకు తిరిగి నిలబడింది.

18 మే

ఏడో నంబరు ముందు చక్రం బెండు తీసి అద్దెకిచ్చాను. మర్రిపాడు అతను, కొత్త మనిషి. పొద్దు గుంకేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

వచ్చాడు. సైకిలూ వచ్చింది, మనిషీ వచ్చాడు.